ఏసీకి మంచు పట్టిందా?

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఏసీ వేసి గంట అయింది. గది చల్లబడలేదు. గాలి సరిగా రావడం లేదు. ముందు మూత ఎత్తి చూస్తే లోపల తెల్లగా మంచు!

“మంచు పట్టిందంటే బాగా పనిచేస్తున్నట్టే కదా?” అంటారు కొందరు. కాదు. అది జబ్బు గుర్తు.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల చెంబు చూడండి. దాని చుట్టూ చెమట పడుతుంది. అది గాలిలోని తేమే. ఏసీ లోపల చల్లని గొట్టాలుంటాయి. గది గాలి వాటి మీదుగా పోతుంది. వాటికీ అలాగే చెమట పడుతుంది. ఆ నీరు పైపు గుండా బయటికి పోతుంది. గాలి సరిగా ఆడకపోతే గొట్టాలు మరీ చల్లబడతాయి. చెమట గడ్డకట్టి మంచవుతుంది. ఆ మంచు గాలికి మరింత అడ్డం. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

గాలికి అడ్డం వచ్చేది చాలా ఇళ్లలో దుమ్మే. మూత కింద సన్నని వల ఉంటుంది. దాన్ని ఫిల్టరు అంటారు. దుమ్మంతా దానికే పడుతుంది.

మంచు చూడగానే ఏసీ ఆపండి. రిమోటు నొక్కితే చాలదు. గోడ మీది స్విచ్చి కూడా ఆపండి. కింద బకెట్టు పెట్టండి. రెండు మూడు గంటల్లో మంచు దానంతటదే కరుగుతుంది. కత్తితో గీకకండి! గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుంది. కొన్ని ఏసీల్లోని గ్యాసుకు నిప్పు కూడా అంటుకుంటుంది. ఖర్చు సంగతి సరే, ప్రాణం మీదికి వస్తుంది. వేడి నీళ్లూ పోయకండి.

ఫిల్టరు తీసి మంచినీళ్లతో కడగండి. నీడలో ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే బిగించండి. వేసవిలో పదిహేను రోజులకోసారి ఈ పని చేయాలి. ఏసీ ముందు పరదా, బీరువా అడ్డం లేకుండా చూడండి. 16 డిగ్రీలు పెట్టకండి, 24 చాలు.

ఇంత చేసినా మళ్లీ మంచు పట్టిందా? అప్పుడు మెకానిక్‌ని పిలవాలి. ఫ్యాను చెడిపోయి ఉండవచ్చు. గ్యాసు తగ్గి ఉండవచ్చు.

“గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి” అంటాడు. అక్కడే ఆగండి. ఏసీ గ్యాసు వంట గ్యాసులా వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇలా అడగండి:

“ఎక్కడ కారుతోంది బాబూ? ముందు అది చూపించు. అతికించాక నింపు.”

కారే చోటు మూయకుండా నింపితే మళ్లీ పోతుంది. మళ్లీ డబ్బు కట్టాలి. చేసిన పనేమిటో, తీసుకున్నదెంతో కాగితం మీద రాసిమ్మనండి. మీరే చదివి చూసుకోండి. ఆ తరవాతే డబ్బు ఇవ్వండి.