శిశిరాంతమున పెరటి తోట – పాదు నుండి పథ్యము వరకు

మాఘమాసము ముగిసి ఫాల్గుణము ప్రవేశించు రోజులలో ఉదయపు చలి తగ్గును, మధ్యాహ్నపు ఎండ చురుక్కుమనును, మామిడి పూత పిందె కట్టును. పెరడు గల గృహస్థులకే కాక, మేడపై నాలుగు తొట్లు పెట్టుకొనగల వారికి కూడ విత్తనము వేయుటకు ఇది మంచి అదను. అనేక సంవత్సరములుగా మా ఇంటి పెరటిలో నేను ఆచరించుచున్న పద్ధతిని, దానిలో ఆరోగ్యమునకు సంబంధించిన జాగ్రత్తలను పాఠక మహాశయులకు మనవి చేయుచున్నాను.

ఋతువునకు తగిన ఆహారము

వాగ్భటాచార్యుల అష్టాంగహృదయమున సూత్రస్థానములోని మూడవ అధ్యాయము ఋతుచర్య. మాఘ ఫాల్గుణములు శిశిరము, చైత్ర వైశాఖములు వసంతము. చలికాలమున శరీరములో సంచితమైన కఫము వసంత సూర్యుని వేడిమికి కరగి జఠరాగ్నిని మందగింపజేయునని ఆయుర్వేద సిద్ధాంతము. జలుబు, దగ్గు, ఆకలి లేకుండుట ఈ కాలమున తరచుగా చూచుచుందుము. అందుచేత తీపి, పులుపు, జిడ్డు గల పదార్థములను తగ్గించి, చేదు, కారము, వగరు రుచులు గల తేలికైన ఆహారమును తీసుకొనవలెనని పెద్దలు చెప్పిరి. ఉగాది పచ్చడిలో వేపపూవు చేరుటలోని ఔచిత్యము కూడ ఇట్లే గ్రహింపదగినది. ఇప్పుడు చల్లిన ఆకుకూర చైత్రమునకు వంటింటికి వచ్చును, పాదులు వేసవికి కాయనిచ్చును.

మన్ను, ఎండ

కూరగాయలకు రోజుకు కనీసము ఐదారు గంటల ఎండ తగలవలెను. తొట్టిలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపవలెను. పచ్చి పేడ వేయరాదు. అది వేళ్ళకు వేడిచేయును, చెదలను రప్పించును. తొట్టి అడుగున నీరు పోవు రంధ్రము తప్పక ఉండవలెను. మేడపై పెట్టువారు కప్పు ఎంత బరువు మోయగలదో తెలిసికొని, తొట్లను దూలముల మీదుగా గోడల వెంబడి అమర్చుట క్షేమము.

విత్తు విధానము

బెండ గింజలను రాత్రి నానబెట్టి, మూరెడు దూరమున వరుసలు, వరుసలో జానెడు దూరమున గింజలు పెట్టవలెను. సుమారు 45 రోజులకు తొలికాయ వచ్చును. అటుపిమ్మట దినము విడిచి దినము కోసినచో కాయ ముదరదు. గోరుచిక్కుడు ఎండకు బాగుగా ఓర్చును. తోటకూర గింజలు మిక్కిలి సన్నవి గనుక ఇసుకతో కలిపి చల్లవలెను. 25, 30 రోజులలో కోతకు వచ్చును. మెంతికూరను మాత్రము ఎండలు ముదరకముందే వేసికొనవలెను.

కాకర, బీర, సొర, దోస పాదులకు ఇదియే సమయము. పడమటి వైపున పందిరి వేసినచో కూరయు దక్కును, సాయంకాలపు ఎండ ఇంటిపై పడకుండును. “పువ్వులు విరివిగా పూయుచున్నవి, పిందె నిలుచుట లేదు” అని పలువురు నన్ను అడుగుచుందురు. ఈ పాదులలో మగపువ్వులు, ఆడపువ్వులు వేరువేరుగా ఉండును. పువ్వు క్రింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. తేనెటీగలు రాని చోట మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగమునకు మెల్లగా తాకించవలెను. కాకర, దోస ఉదయము విచ్చును గనుక ఉదయమే చేయవలెను. బీర, సొర సాయంకాలము విచ్చును గనుక సంధ్యవేళ చేయవలెను.

పూలమొక్కలు

మల్లె పొదలను ఇంతవరకు కత్తిరింపనివారు ఇక ఆలస్యము చేయరాదు. నేలనుండి సుమారు మూరెడు ఎత్తున కొమ్మలను కత్తిరించి, పాదు త్రవ్వి, ఎరువు వేసి నీరు పెట్టినచో కొత్త చిగుళ్ళపై మొగ్గ తొడుగును. టమాట, వంగ మళ్ళ అంచున బంతి నాటవలెను. బంతి వేళ్ళు నేలలోని నులిపురుగులను అణచును. కాయతొలుచు పురుగు తల్లి రెక్కలపురుగులు బంతిపూలకు ఆకర్షింపబడి అక్కడ గ్రుడ్లు పెట్టుటచే టమాటకు బాధ తగ్గును. పసిపిల్లలు గల ఇంట గన్నేరును వారికి అందని చోట ఉంచవలెను. దాని ఆకు, పువ్వు, వేరు, గింజ అన్నియు విషమే.

చేదు సొరకాయ – ప్రాణాంతకమైన ఏమరుపాటు

ఆరోగ్యమునకై పరగడుపున సొరకాయ రసము సేవించువారు మన పాఠకులలో అనేకులు గలరు. వారు ఈ భాగమును ప్రత్యేకముగా గమనింప ప్రార్థన. కాకరకు చేదు సహజము. సొర, బీర, దోసలలో చేదు మాత్రము విషసూచన. ఇంటిలో దాచిన విత్తనము చేదుజాతి పుప్పొడితో సంకరమైనచో, చూచుటకు చక్కని కాయలోనే ఈ విషము ఉండవచ్చును. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త కాకర రసముతో కలిపిన సొరకాయ రసము త్రాగి మరణించిరి. కాకర చేదు సొర చేదును కప్పివేయును. అటుపిమ్మట భారత వైద్య పరిశోధనా మండలి నియమించిన నిపుణుల సంఘము, చేదుగా ఉన్న సొరకాయ రసమును త్రాగరాదని, సొరకాయ రసమును ఇతర రసములతో కలుపరాదని హెచ్చరించినది.

మన పూర్వులు ఈ భేదమును ఎరుగుదురు. చరకసంహిత కల్పస్థానమున చేదుసొరను ‘ఇక్ష్వాకు’ అను పేరున వమనకర్మకు చెప్పిరి. అది వైద్యుని చేతి ఔషధమే కాని గృహస్థుని పానీయము కాదు.

ఒక వేసవిలో మా పందిరికి కాసిన తొలి సొరకాయను, ప్రతి ఉదయము రసము త్రాగు మా పొరుగింటి పెద్దాయన కోరిరి. ఇచ్చుటకు ముందు చిన్న ముక్కను కోసి నాలుకపై ఉంచి చూచితిని. చేదు తగిలినది. వెంటనే ఉమిసి, కాయను పారవేసి, పాదును వేళ్ళతో పెరికివేసితిని. తరిగిన ప్రతి కాయను ఇట్లు రుచి చూచుట మా ఇంట నియమము. చేదు రసము త్రాగినవారికి వాంతులు, విరేచనములు, కడుపునొప్పి, రక్తవాంతి కలుగవచ్చును, రక్తపోటు పడిపోవచ్చును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. గృహచికిత్సలతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

పురుగు, దోమ

కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకమును ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. మన పెరటిలో ఇట్టి విషముల అవసరమే లేదు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లినచో పేనుబంక, చిన్న పురుగులు అదుపునకు వచ్చును.

తొట్ల క్రింది పళ్ళెములలో నీరు నిలిచినచో డెంగీ దోమ పెరుగును. వారమునకు ఒకసారి వాటిని కడిగి ఆరబెట్టవలెను.

ఇన్ని మొక్కలు ఒక్కసారిగా పెట్టనక్కరలేదు. ఈ వారమున ఒక మడి తోటకూర, రెండు కాకర పాదులు, నాలుగు బంతి మొక్కలు చాలును. నీరు పోయుట పిల్లలకు అప్పగించండి, కాయ రుచి చూచు బాధ్యతను మాత్రము పెద్దలే వహించండి.