ఓవరీల మాట అడక్కుండా సంతకం పెట్టకు

చి॥ల॥సౌ॥ బుజ్జికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. "గర్భసంచి ఎలాగూ తీస్తున్నారు, ఓవరీలు కూడా తీసేస్తే ఒక పని అయిపోతుందన్నారు అత్తయ్యా" అని ఒక్క ముక్క రాసి, ఆ పేజీలో మిగతాదంతా పిల్లాడి ట్యూషన్ గొడవ రాశావు. నేను మాత్రం ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. నీకింకా నలభై నిండలేదు తల్లీ!

ఇన్నాళ్ళూ బ్లీడింగ్‌తో నలిగిపోతూ నాకు చెప్పనందుకు కోపం వచ్చింది. హిమోగ్లోబిన్ 8కి పడిపోయిందని చదివాక ఆ కోపమూ నిలవలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఐరన్ మాత్రలు మానకు. ఫైబ్రాయిడ్ గడ్డలకు ఆపరేషన్ తప్పదంటే చేయించుకో, నేనొచ్చి దగ్గరుంటాను. కానీ మందులతో తగ్గుతుందా, లోపల పెట్టే హార్మోన్ లూప్ పనికొస్తుందా, గడ్డల వరకే తీయొచ్చా అని ముందు అడుగు. సంచి తీయక తప్పకపోయినా ఓవరీలు ఎందుకు తీయాలో గట్టిగా అడుగు.

నేను నర్సుగా చేరిన కొత్తలో మిర్చి కోతలకు ముందు వార్డు నిండిపోయేది. "సంచి తీసెయ్యండమ్మా, పీడా పోద్ది" అనేవాళ్ళు, ముప్ఫై దాటీ దాటని పిల్లలు. ఒకావిడ గేదెను అమ్మి, ఆ డబ్బు కొంగున ముడేసుకుని వచ్చింది. రాత్రి డ్యూటీలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "మా ఊరు రామ్మా, జున్ను పెడతా" అనేది. గేదె లేదన్న సంగతి ఆ క్షణాన మరిచిపోయేది పాపం. కొన్నేళ్ళకు వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, బీపీతో మళ్ళీ వచ్చింది. రెండు ఓవరీలూ తీసినట్టు పాత చీటీలో ఉంది. ఆవిడకా మాట ఎవరూ చెప్పలేదు.

ఇది ఆవిడొక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7.

ఓవరీలు పిల్లల కోసమే అనుకుంటారు. కానీ వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ రక్తనాళాల లోపలి పొరను మెత్తగా, సాగేలా ఉంచుతుంది, చెడు కొలెస్ట్రాల్‌ను అదుపులో పెడుతుంది. ముట్లు వాటంతటవి ఆగేటప్పుడు ఈస్ట్రోజెన్ కొన్నేళ్ళ మీద తగ్గుతుంది. మనవాళ్ళకు ముట్లు ఆగేది సుమారు 46, 47 ఏళ్ళకు. ఆపరేషన్‌తో అయితే ఒక్కసారిగా పడిపోతుంది. అమెరికాలో 1976 నుంచి 1,21,700 మంది నర్సుల ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. రెండు ఓవరీలూ పోయి ఈస్ట్రోజెన్ వాడనివాళ్ళకు గుండెజబ్బు ముప్పు రెండింతలు దాటిందని, వాడినవాళ్ళలో ఆ పెరుగుదల కనిపించలేదని 1987లోనే రాశారు.

మీ చిన్నత్త గుండెపోటు సంగతి నీకు తెలుసు, మళ్ళీ తవ్వను. దవడ లాగుతోందంటే పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళకు గుండెపోటు ఎప్పుడూ ఛాతీ పట్టుకునే రాదమ్మా. వీపు నొప్పి, వాంతి, ఆయాసం, ఊరికే నీరసం అని కూడా వస్తుంది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు.

హార్మోన్ మాత్రలంటే భయమని రాశావు. 2002 జూలైలో అమెరికాలో 16,608 మందితో హార్మోన్ మాత్రల మీద చేస్తున్న పరీక్షను మధ్యలో ఆపేశాక ఆ భయం లోకమంతా పాకింది. వాళ్ళ సగటు వయసు 63. వాళ్ళు వాడింది కూడా రెండు హార్మోన్లు కలిసిన మాత్ర. నలభైకే ఓవరీలు పోయినవాళ్ళది వేరే లెక్క. వాడకూడని కారణం లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వరకైనా ఈస్ట్రోజెన్ వాడమనే డాక్టర్లు చెబుతారు. గుండె కోసమే అని అరవైల్లో కొత్తగా మొదలుపెట్టడం మాత్రం తగదు.

క్యాన్సర్ అనుమానం ఉన్నా, మీ అమ్మవైపు రొమ్ము, ఓవరీ క్యాన్సర్లు ఉన్నా తీయించుకోమని నేనే చెప్పేదాన్ని. నీ స్కానింగులో ఓవరీలు మామూలుగా ఉన్నాయని నువ్వే రాశావు కదా! వాటిని ఉంచినా, సంచి తీశాక వాటి పని కాస్త ముందే ఆగిపోవచ్చు. అందుకని బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఏటా చూపించుకో.

అన్నం తింటున్నావా వేళకి? జుట్టు రాలుతోందన్నావు, రక్తం పడితే అదే సర్దుకుంటుంది, బెంగ పెట్టుకోకు.

రిపోర్టులన్నీ అల్లుడుగారితో ఫోటోలు తీయించి పంపు. ఆపరేషన్ కాగితంలో ఏమేం తీస్తారో పేరుపేరునా రాయించి, చదివాకే సంతకం పెట్టు. ఇంకో లేడీ డాక్టర్‌కి చూపించడానికి డబ్బుకు వెనకాడకు, ఆ ఫీజు నేను పంపిస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య