వింత మోతల వెనక విజ్ఞానం

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

మా హాస్టల్లో నాకో పేరుంది: "మోతల మేష్టారు". ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే ఈ వ్యాసానికి ఉపోద్ఘాతం అయిపోయినట్టే.

నిరుడు పరీక్షల ముందు ఒక రాత్రి నిద్ర ఆపుకోవడానికి పింగాణీ కప్పులో వేడినీళ్ళు పోసి కాఫీపొడి వేశాను. బాగా కలిపి, ఏదో ఆలోచిస్తూ చెంచాతో కప్పు అడుగుని టకటకా కొడుతూ కూర్చున్నాను. మొదట "డబ్ డబ్"మని బొంగురుగా పలికింది. కొడుతూ ఉండగానే ఆ మోత మెల్లగా పైకి ఎక్కి ఎక్కి, కాసేపటికి "టింగ్ టింగ్"మని సన్నగా పలకసాగింది. కప్పు అదే, చెంచా అదే, నీళ్ళు అవే, కొట్టే చెయ్యీ అదే. మరి శ్రుతి ఎందుకు పెరిగింది? మళ్ళీ కలిపాను. మళ్ళీ కిందికి దిగి, మళ్ళీ ఎక్కింది. ఆ రాత్రి ఆరు కప్పుల కాఫీ పాడయింది. పక్క గదులవాళ్ళు లేచివచ్చి చీవాట్లు పెట్టారు. పేరు అప్పటిది.

మర్నాడు లైబ్రరీలోనూ ఫోనులోనూ వెతికితే తెలిసింది, ఈ వింతని నాకంటే ముందే శ్రద్ధగా పట్టించుకున్నవాళ్ళున్నారని. అమెరికా భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ క్రాఫర్డ్ 1982లో దీని మీద ఒక పరిశోధన వ్యాసమే రాశాడు. సంగతి ఇది. పొడి వేసి కలిపినప్పుడు నీటి నిండా సన్నని గాలి బుడగలు పుడతాయి. ధ్వని వేగం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, నీటిలో సుమారు 1,480 మీటర్లు. మరి గాలి బుడగలున్న నీటిలో ఎంత ఉండాలి? రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుందని నేననుకున్నాను. మీరూ అదే అనుకుంటారు. కాని నూటికి ఒక వంతు గాలి కలిస్తే చాలు, వేగం సెకనుకు సుమారు 100 మీటర్లకి పడిపోతుంది! అంటే రెంటికంటే తక్కువ. ఆ మిశ్రమానికి మెత్తదనం గాలిది, బరువు నీటిది. మెత్తగా ఉండి బరువుగా ఉన్నదానిలో ధ్వని ఈడ్చుకుంటూ నడుస్తుంది. వేగం తగ్గితే శ్రుతి తగ్గుతుంది. బుడగలు పైకి తేలి పగిలిపోయేకొద్దీ వేగం పెరిగి, శ్రుతీ పెరుగుతుంది.

అంత విజ్ఞానం ఒక కప్పు కాఫీలో ఉందంటే నాకు పిచ్చెక్కిపోయింది. ఆ రోజునుంచి వింత మోతలు, వింత వాయిద్యాలు ఎక్కడ ఉన్నాయా అని వెతకడమే నా పని.

బిందె ఎక్కుతుంది, గిన్నె దిగుతుంది

మా అమ్మ తెల్లవారుజామున చీకట్లో కుళాయి కింద బిందె పెట్టి, అటు తిరిగి అంట్లు తోముకుంటుంది. బిందె పొర్లడానికి ఒక్క క్షణం ముందు లేచి కుళాయి కట్టేస్తుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక్కనాడూ చుక్క పొర్లలేదు. ఎలా తెలుస్తుందే అంటే, "అదే సెప్తాది కదరా" అంటుంది.

అది చెప్పే మాట ఏమిటో మనం ప్రయోగశాలలో చూసిందే. బిందెలో మోగేది నీళ్ళు కాదు, నీళ్ళ మీద మిగిలిన గాలి. లెక్క తేలికగా ఉండాలంటే బిందె బదులు పొడుగాటి కొలజాడీ తీసుకుందాం. ఒకవైపు మూసి ఉన్న గొట్టంలో గాలి స్తంభం పొడవు 34 సెంటీమీటర్లు ఉంటే సెకనుకు సుమారు 250 కంపనాలు వస్తాయి. నీరు పైకెక్కి గాలి స్తంభం 17 సెంటీమీటర్లయితే 500 వస్తాయి. అంటే మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి ఎక్కినట్టు. మా జాడీలో కొలిస్తే లెక్కకన్నా కాస్త తక్కువ వచ్చింది. గాలి స్తంభం జాడీ మూతి దగ్గరే ఆగకుండా కొంచెం పైకి కూడా ఊగుతుంది కనుక, మేష్టారు చెప్పిన కొన సవరణ కలుపుకోవాలి. కలిపితే సరిపోయింది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. జలతరంగం వాయించేవాళ్ళు గిన్నెలో నీళ్ళు పోస్తే శ్రుతి పెరుగుతుందా, తగ్గుతుందా? బిందెని తలుచుకుని "పెరుగుతుంది" అన్నవాళ్ళంతా తప్పారు (మొదట నేనూ తప్పాను). అక్కడ తగ్గుతుంది! పుల్లతో అంచుని కొట్టినప్పుడు కంపించేది గాలి కాదు, గిన్నె గోడ. నీళ్ళు పోసేకొద్దీ ఆ గోడ బరువు మొయ్యాలి, అందుకని నిదానంగా ఊగుతుంది. పోసేది అవే నీళ్ళు. ఊగేది ఏదన్నదే ప్రశ్న. ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం వస్తే ధ్వనిశాస్త్రంలో సగం వచ్చినట్టే.

చెవుల్లో ప్రపంచం

ఇక నా సేకరణ మొదలైంది. మిత్రులు సినిమా పాటలు దాచుకుంటే నేను ఫోనులో వింత సంగీతం దాచుకునేవాణ్ణి. మెరుపుల మీద ప్రయోగాలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో గాజు గిన్నెల్ని ఒక ఇరుసుకి గుచ్చి, తిప్పుతూ, తడి వేళ్ళతో రాసి వాయించే వాయిద్యం చేశాడు. దానికోసం మొజార్ట్ 1791లో సంగీతం రాశాడు. సైబీరియా దక్షిణాన తువా అనే చోట ఒకే మనిషి ఒకే గొంతుతో ఒకేసారి రెండు స్వరాలు పలుకుతాడు. కింద తంబూరాలాంటి నాదం, పైన ఈల లాంటి స్వరం. నోటి ఆకారాన్ని మార్చి, తన గొంతులోనే ఉన్న అనుస్వరాల్లో ఒకదాన్ని పైకి తెస్తాడన్నమాట.

అన్నిటికన్నా వింత జాన్ కేజ్ అనే అమెరికన్ రచన. 1952లో దాన్ని మొదటిసారి ప్రదర్శించినప్పుడు పియానో వాద్యకారుడు పియానో ముందు కూర్చుని నాలుగు నిమిషాల ముప్ఫైమూడు సెకన్లసేపు ఒక్క స్వరం కూడా వాయించలేదు. అంతే కచేరీ! ఆ కాసేపూ హాల్లో వినిపించే గాలి, వాన, జనం గుసగుసలు, అదే సంగీతం వినమన్నాడు. మా గదివాళ్ళు "దీనికి టిక్కెట్టు కూడానా!" అని నవ్వారు. నేను మాత్రం గొప్ప సంగతి తెలిసినవాడిలా, "చుట్టూ ఉన్నది వినడం నేర్చుకోండిరా" అని ఉపన్యాసమిచ్చాను.

ఆ ఉపన్యాసం నాకే ఎలా తగిలిందో ఇప్పుడు చెబుతాను.

కాలిపోయిన మోటారు

సెలవులకి ఇంటికి వెళ్ళాను. మాకు నేలబావి, దాని మీద మూడు ఫేజుల మోటారు, దాని కింద మొక్కజొన్న. పీచు వేసే దశ. ఆ సమయంలో తడి తప్పితే పొత్తుల్లో గింజ కట్టదు. నాన్న పక్క ఊళ్ళో పెళ్ళికి వెళుతూ, "మోటారు కాడ కూకో, మడి మారుస్తుండు" అని చెప్పి వెళ్ళాడు. నేను వేపచెట్టు కింద కూర్చుని, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తువా గొంతులు వింటున్నాను.

మధ్యలో కరెంటు పోయింది, మళ్ళీ వచ్చింది. ఆటో స్టార్టరు తన పని తాను చేసింది. కాని వచ్చిన కరెంటు మూడు ఫేజుల్లో లేదు, రెంటిలోనే ఉంది. మోటారు తిరగలేదు, మూలిగింది. నేను చూసేసరికి షెడ్డులోంచి పొగ వస్తోంది.

పుస్తకం ప్రకారం జరిగింది ఇది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలది. ఒక్కో ఆవృత్తంలో అయస్కాంతం ఇనుప రేకుల్ని రెండుసార్లు గుంజుతుంది. అందుకే మోటారుకైనా ట్రాన్స్‌ఫార్మరుకైనా 100 కంపనాల మూలుగు ఉంటుంది. మోటారు తిరుగుతున్నప్పుడు ఆ మూలుగు ఇరుసు, పంకా, నీళ్ళ మోతల్లో కలిసిపోతుంది. ఆగి ఉన్న మోటారుకి ఒక ఫేజు అందకపోతే తిరిగే అయస్కాంత క్షేత్రం పుట్టదు. ఇరుసు కదలదు. మిగిలిన చుట్లు మాత్రం మామూలుకి ఎన్నో రెట్లు కరెంటు లాగి, వేడెక్కి, కాలిపోతాయి. ఆపవలసిన రిలే చెడిపోయి చాలా రోజులైంది. ఇంకో పంట వచ్చాక మార్చుదామని నాన్న వాయిదా వేస్తున్నాడు. దాని బదులు తన చెవుల్నే రిలేగా వాడుకుంటున్నాడు. ఆ రోజు ఆ చెవుల స్థానంలో నన్ను కూర్చోబెట్టి వెళ్ళాడు.

నాన్న తిట్టలేదు. షెడ్డులోకి వెళ్ళి, కాలిన వాసన చూసి బయటికొచ్చి ఒక్క మాటే అన్నాడు: "అంతసేపు మోటారు ఏడిసుంటాదిరా, ఇనబడలేదా?"

వైండింగుకి నా రెండు నెలల మెస్సు బిల్లంత డబ్బయింది. మోటారు తిరిగి రావడానికి నాలుగు రోజులు పట్టింది. కోతలనాడు అమ్మ పొత్తులు ఒలుస్తూ, మధ్య మధ్య పళ్ళూడినట్టున్న వాటిని నాకు కనబడకుండా పక్కన వేసింది. నాకు కనబడ్డాయి.

జముకు చెప్పిన సూత్రం

ఆ తరవాత నాన్న వెంట మోటారు దగ్గర వట్టి చెవులతో కూర్చోవడం మొదలుపెట్టాను. నీళ్ళు నిండుగా ఎక్కుతుంటే మోటారు గొంతు బరువుగా ఉంటుంది. బావిలో నీరు తగ్గి గాలి పీల్చడం మొదలెడితే తేలికై, గరగరమంటుంది. బేరింగు అరిగితే గీకినట్టుంటుంది. ఇవన్నీ నాన్న కళ్ళు మూసుకుని చెబుతాడు. ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అప్పుడే ఇంకో తప్పు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట అమ్మవారి పండగలో జముకుల కథ పెట్టారు. జముకు అంటే మా ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. ఒకవైపు చర్మం బిగించిన చిన్న డబ్బాలాంటిది, చర్మం నడుమనుంచి ఒక తీగ. డబ్బా చంకలో పెట్టి, తీగ రెండో కొన చేత్తో లాగిపట్టి మీటుతారు. లాగితే మోత "బుంయ్"మని పైకి సాగుతుంది, వదిలితే కిందికి జారుతుంది. కథ చెప్పిన తాత నన్ను చూసి, "బాబూ, పెద్ద సదువు సదువుతున్నావు, మా జముకు గురించి మీ పుస్తకాల్లో ఏటైనా రాసినారా?" అని అడిగాడు. పక్కన పట్నం మిత్రులున్నారు. నేను సిగ్గుపడి, "అవన్నీ ఎందుకుంటాయి తాతా" అని నవ్వేశాను.

ఉంది. మొదటి సంవత్సరం సోనామీటరు ప్రయోగమే అది! తీగ పొడవు మార్చకుండా 1 కిలో బరువు బదులు 4 కిలోలు వేలాడదీస్తే కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. బిగువు నాలుగింతలైతే శ్రుతి రెండింతలు. మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు 1636లో ప్రకటించిన సూత్రమిది. మేము ఇనుప బిళ్ళలతో, పట్టికతో, తప్పుల్ని కొట్టేస్తూ రెండు గంటల్లో నిరూపించిన దాన్ని తాత పిడికిలి రాత్రంతా కథతోపాటు నిరూపిస్తూనే ఉంది. నేను రికార్డులో పూర్తి మార్కులు తెచ్చుకున్నాను గాని జముకులో సోనామీటరుని గుర్తుపట్టలేకపోయాను.

మన వాయిద్యాల్ని చిన్నచూపు చూడని శాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే: చంద్రశేఖర వెంకట రామన్. 1930లో నోబెల్ బహుమతి తెచ్చిన కాంతి పరిశోధనకన్నా ముందే ఆయన మృదంగాన్ని పట్టించుకున్నాడు. మామూలు గుండ్రటి చర్మాన్ని కొడితే దాని అతిస్వరాలు 1, 1.59, 2.14, 2.30 ఇలా పొంతనలేని నిష్పత్తుల్లో వస్తాయి. అందుకే వట్టి డప్పుది మోత అవుతుంది గాని, దానికి స్పష్టమైన స్వరం నిలవదు. మృదంగం కుడివైపున నల్లగా ఉండే కరణి (కిట్టం రాతిపొడి, అన్నం కలిపి నూరి పొరలు పొరలుగా రుద్దినది) చర్మం నడుమ బరువు పెంచి ఆ నిష్పత్తుల్ని 1, 2, 3, 4, 5గా సరిచేస్తుంది. అప్పుడు చర్మం కూడా తీగలా పాడుతుంది. ఈ సంగతి రామన్ మరొకరితో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించాడు, 1934లో ఇంకా వివరంగా రాశాడు. కరణి రుద్దిన చేతులకి ఈ అంకెలు తెలియవు. ఆ చేతులు చేసిన పని ఎంత లెక్కగా ఉందో ఆయన అంకెల్లో చూపించాడు.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాత ఇంటికి వెళ్ళి సోనామీటరు సంగతి చెప్పాను. కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే రాసినారన్నమాట" అన్నాడు. తరవాత జముకు దించి, దుమ్ము దులిపి, నా చేతికిచ్చాడు. లాగి మీటాను. శ్రుతి కుదరలేదు. నవ్వి, "సూత్రం తెలిస్తే సాలదు బాబూ, సెయ్యి కూడా తెలియాల" అన్నాడు.

విద్యార్థి మిత్రులకు మనవి

వింత సంగీతం వినండి, ప్రపంచంలో ఎక్కడ దొరికినా వినండి. నేనిప్పటికీ వింటున్నాను. కాని రోజుకి ఒక్క నాలుగున్నర నిమిషాలు చెవుల్లోంచి అన్నీ తీసేసి కూర్చోండి. కాఫీ కప్పుని కొట్టి చూడండి. బిందె నిండుతుంటే కళ్ళు మూసుకోండి. చలికి మెత్తబడ్డ డప్పుని మంట దగ్గర కాచేవాళ్ళని చూసి, చర్మంలో తడి ఆరితే బిగువు ఎందుకు పెరుగుతుందో, బిగువు పెరిగితే మోత ఎందుకు ఎక్కుతుందో లెక్క కట్టండి. మీ ఇంట్లో ఏ మోత విని ఏం తెలుసుకుంటారో మీ అమ్మానాన్నల్ని అడగండి. వాళ్ళు చెప్పేది రాసుకోండి.

నాన్న రిలే మార్పించాడు. నేను ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం, "రిలే ఉంది గాని, నువ్వూ ఓసారి ఇను" అంటాడు. ఆ మాట నా మార్కుల జాబితా పక్కన పెట్టి దాచుకోదగ్గదని నా నమ్మకం.