ఈసీఐఎల్ నుంచి పోలింగ్ బల్ల దాకా

వనస్థలిపురం

అమ్మాయీ,

నీ ప్రాజెక్టు సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద పనిచేసిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇక అది జనం చేతికి వెళ్ళే వస్తువు కావాలంటే ఎంత దారి ఉందో చెప్పడానికి మన ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. నాగోలు, ఉప్పల్ దాటి వెళ్తే వచ్చే ఈసీఐఎల్.

ట్రాంబేలో అణుశక్తి శాస్త్రవేత్తలు చేసిన ఎలక్ట్రానిక్స్‌ను ఫ్యాక్టరీ సరుకుగా మార్చడానికి 1967లో పుట్టిన సంస్థ అది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఏఎస్ రావు నగర్‌కు పెట్టారు.

1977లో ఓటింగ్ యంత్రం పని ఈ సంస్థకు వచ్చింది. 1979కల్లా నమూనా సిద్ధం. 1982 మేలో కేరళలోని పరూర్‌లో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. ఎన్నికల చట్టంలో దీనికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు అంది. ఆ చట్టానికి సవరణ 1989లో అమల్లోకి వచ్చింది. దేశమంతటా లోక్‌సభ ఎన్నికలు యంత్రాలతోనే జరిగింది 2004లో.

ఓట్లు లెక్కపెట్టే సర్క్యూట్ వేయడం ఇంజనీర్లకు పెద్ద పని కాదు. అది పనిచేయాల్సిన చోటే అసలు చిక్కు. పోలింగ్ జరిగే బడిగది కరెంటు లేని ఊళ్ళో ఉండొచ్చు, అందుకే బ్యాటరీ. అధికారి బల్ల దగ్గర, ఓటరు అట్ట చాటున ఉంటారు, అందుకే రెండు పెట్టెలు, మధ్య అయిదు మీటర్ల కేబుల్. చదువు రాని వారికి గుర్తు, ఎర్ర దీపం, బీప్. చూపు లేనివారికి బ్రెయిలీ అంకెలు. యంత్రానికి రూపం ఇచ్చినవి ఇవే.

2019లో నిజామాబాద్‌లో 185 మంది పోటీచేశారు. పాత యంత్రాలకు నోటాతో కలిపి 64 పేర్లే పరిమితి. కొత్త ఎం3 రకానికి ఓటరు వైపు పెట్టెలు, అంటే బ్యాలెట్ యూనిట్లు, 24 దాకా తగిలించవచ్చు కాబట్టి, 12 యూనిట్లు వరసగా పెట్టి పోలింగ్ నడిపారు. అదే 1996లో నల్గొండలో నిలబడ్డ 480 మంది అయితే ఎం3 కూడా చాలదు! ఎక్కడ ఆగాలో డిజైన్ చేసేవాడే ముందు తేల్చుకోవాలి.

నువ్వు చేయాల్సింది చెప్తాను. పీసీబీ గీసేటప్పుడే టెస్ట్ పాయింట్లు వదులు. అవి లేకపోతే పరీక్షించే మనిషి ఎక్కడ ప్రోబ్ పెట్టాలో తెలియక నిలబడిపోతాడు. ప్రతి చిప్‌కూ బదులు ఏది పనికొస్తుందో విడిభాగాల జాబితా (బామ్)లోనే రాయి. సోల్డర్ చేసేవాళ్ళ పక్కన ఒక పూట కూర్చో, వాళ్ళ చేయి ఎక్కడ తడబడుతుందో చూడు. రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ నమూనాల తయారీకే ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారు. బోర్డుతో పాటు దాన్ని పెట్టే డబ్బా కొలతలూ తీసుకెళ్ళు.

మీ మామయ్య