పది వానకాలములు, పది వేసవులు

కుటుంబ పాఠము
ముందుగా చదువవలసినది: లూకా 2:41-52



బిడ్డ ఆరేండ్ల వయసులో ఒకటవ తరగతిలో చేరి, పదునారు నిండేనాటికి పదవ తరగతి ముగిస్తాడు. ఆ తరువాత మన పల్లెలలోను, పట్టణములలోను చాలామంది పిల్లలు ఇంటర్ చదువుకై హాస్టలుకు వెళ్ళిపోతారు. అప్పటినుండి పండుగకు వచ్చే చుట్టములవలె ఇంటికి వచ్చి పోతుంటారు. కనుక బడి ఈడు పిల్లలతో ఒకే కప్పు క్రింద మనం గడిపే కాలం లెక్కకు పది వానకాలములు, పది చలికాలములు, పది వేసవులు మాత్రమే. ఈ పది చుట్లలో ఏ అలవాట్లు పడతాయో వాటితోనే బిడ్డ తక్కిన బ్రతుకు చాలవరకు నడుస్తుంది. ఈ వారం పాఠములో ఆ ఏడాది చుట్టును కాలము వెంబడి పరిశీలించుదాము.

పండ్రెండేండ్ల బాలయేసు తప్పిపోయి ఆలయములో కనబడిన వృత్తాంతం మనందరికీ తెలుసు. అయితే దాని మొదటి మాటను చాలామంది దాటిపోతారు. ఆ తల్లిదండ్రులు ఏటేటా పాస్కా పండుగకు యెరూషలేము వెళ్ళేవారని లూకాగారు తెలుపుతున్నారు. ఏటేటా అదే కాలములో, అదే దారిన, బంధుమిత్రులతో కలిసి ప్రయాణం. అనగా ఆ ఇంటికి ఒక క్రమమున్నది. వృత్తాంతం చివర బాలుడు నజరేతుకు తిరిగివచ్చి, పెద్దల మాటకు లోబడి ఎదిగినట్లు చదువుతాము. ఇంటి క్రమమునకు, బిడ్డ ఎదుగుదలకు ఉన్న సంబంధమే నేటి మన పాఠము.

అలవాటు ఎలా పడుతుంది?

మంచిగుణము పుట్టుకతో రాదు, ఉపన్యాసముతో రాదు, చేయగా చేయగా స్థిరపడుతుందని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు బోధించాడు. 13వ శతాబ్దములో పునీత తోమాసు అక్వీనాసుగారు ఈ భావమునే స్వీకరించి విస్తరించారు. నాట్లు వేసే తల్లికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మొదటి రోజున వంకరటింకరగా పడిన నారు, పదవ రోజున చేయి చూడకనే వరుసలో పడుతుంది. ఓర్పు, నిజాయితీ, ప్రార్థన, చదువు కూడా అటువంటివే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన సామెత. కొందరు తండ్రులు ఈ సామెత చెప్పి కర్ర పట్టుకుంటారు. కాని మొక్క కర్రదెబ్బకు వంగదు, విరుగుతుంది. ప్రక్కన పాతిన ఊతకు, ప్రతిదినము తగిలే ఎండకు అది మెల్లగా ఒదుగుతుంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో కొట్టుటను, మనసు నొచ్చేటట్లు వేధించుటను నిషేధించింది. బడిలో తగనిది ఇంటిలో ఎట్లు తగును?

1. వానకాలము: బడి తెరచే రోజులు

జూన్ రెండవ వారములో బడులు తెరుస్తారు. సేద్యగానికి విత్తనములకు, ఎరువులకు డబ్బు కావలసినది అప్పుడే. ఫీజు, పుస్తకములు, చెప్పులు, సంచి కూడా అప్పుడే. ఇంటిలో మాటలు వేడెక్కేది ఈ నెలలోనే. పదేండ్లు దాటిన బిడ్డకు ఇంటి లెక్క కొంత చెప్పండి. "ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, కొత్త సంచి దసరాకు కొందాము" అంటే బిడ్డ అర్థం చేసుకుంటాడు. "నీ కోసమే అప్పులపాలయ్యాము" అంటే మాత్రం ఆ మాట బరువు మోయలేడు. నిజము చెప్పుట వేరు, నేరము మోపుట వేరు.

వానలతో జ్వరములు వస్తాయి. డెంగీ దోమ మురికి కాలువలో కాదు, మన తొట్లలో, కొబ్బరి చిప్పలలో, పాత టైర్లలో నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమగా మారుటకు వారము, పది దినములు పడుతుంది. కనుక వారమునకు ఒకసారి పాత్రలన్నీ బోర్లించి ఆరబెడితే చాలు. ఈ పని ఎనిమిదేండ్ల బిడ్డకు అప్పగించండి. వారం తప్పకుండా చేయిస్తే ఇంటికి ఆరోగ్యము, బిడ్డకు బాధ్యత రెండూ వస్తాయి.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 6 నుండి 12 ఏండ్ల పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏండ్లవారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. ఉదయం ఐదుకు లేపవలసిన ఎనిమిదేండ్ల బిడ్డను రాత్రి పదకొండు వరకు సెల్‌ఫోను ముందు కూర్చోనిస్తే, మరునాడు బడిలో ఏ గురువు చెప్పినా ఎక్కదు.

2. దసరా మొదలు నవంబరు వరకు

మొదటి మార్కుల కార్డు ఈ రోజులలో ఇంటికి వస్తుంది. దానిని చూచేటప్పుడు ప్రక్కింటి బిడ్డ పేరు ఎత్తకండి. పోయినసారికీ, ఈసారికీ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో ఆ బిడ్డతోనే మాట్లాడండి. లెక్కలలో తగ్గితే బద్ధకమే కారణం కానక్కరలేదు. బల్లమీది అక్షరములు కనబడకపోవచ్చును, ప్రక్కన కూర్చున్నవాడు ఏడిపించుచుండవచ్చును. అడిగితేనే తెలుస్తుంది.

దసరా సెలవులలో పిల్లలను అమ్మమ్మ, తాతయ్యల ఇండ్లకు పంపండి. నవంబరు 2న మృతుల స్మరణ దినమున సమాధుల తోటకు వెంటబెట్టుకొని వెళ్ళండి. వారే గడ్డి పీకి, సున్నము వేసి, క్రొవ్వొత్తి వెలిగించనివ్వండి. "ఈయన మీ ముత్తాత. చదువు రాకపోయినా కూతుళ్ళను బడికి పంపాడు" అని ఒక కథ చెప్పండి. పునీత అగుస్తీనుగారు తమ ఆత్మకథ 11వ భాగములో కాలమును గురించి లోతుగా విచారించారు. గడచినది మనకు స్మృతిగా, ఉన్నది ధ్యాసగా, రానున్నది నిరీక్షణగా మనసులోనే నిలుస్తాయని వారి భావన. నేటి పిల్లలకు రానున్నదానిని గూర్చిన భయమే ఎక్కువ. మార్కులు, ర్యాంకులు, సీట్లు. తనవారి స్మృతి ఉన్న బిడ్డకు ఆ భయమునకు ఎదురు నిలువ ఒక ఆధారము దొరుకుతుంది.

3. చలికాలము: నక్షత్రము, మిరప కోత

డిసెంబరులో వెదురు బద్దలతో ఇంటిపై నక్షత్రము కట్టేటప్పుడు తండ్రి, బిడ్డలు కలిసి కట్టండి. అంగడిలో కొన్నది ఎక్కువ మెరవవచ్చును. కాని జిగురు అంటిన చేతులు గుర్తుంటాయి.

జనవరి తరువాత కొన్ని విచారణలలో ఇండ్లు మూతపడతాయి. కర్నూలు జిల్లా పడమటి మండలములైన కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతముల నుండి కుటుంబములు మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు వలస పోతాయి. కూలి డబ్బు అవసరమే, ఎవరూ కాదనలేరు. అయితే తల్లి వెంట పోయిన బిడ్డకు రెండు మూడు నెలల చదువు పోతుంది. తిరిగివచ్చి వెనుక బెంచీలో కూర్చుంటాడు. రెండేండ్లు ఇట్లు జరిగితే బడి మానేస్తాడు. పది చుట్లలో మూడు నాలుగు ఈ విధముగా పోతే మిగిలేదేమిటి?

వలస పోయే తల్లిదండ్రులు బయలుదేరకముందే ప్రధానోపాధ్యాయులను కలవండి. వలస కుటుంబముల పిల్లలకై ప్రభుత్వము నడిపే సీజనల్ హాస్టలు దగ్గరలో ఉన్నదేమో అడగండి. లేదా పెద్దమ్మ, పిన్నమ్మ ఇంటిలో ఉంచి, బియ్యము ఇచ్చి వెళ్ళండి. బిడ్డను తీసుకొనిపోక తప్పకపోతే, అక్కడి ప్రభుత్వ బడిలో చేర్చండి. 6 నుండి 14 ఏండ్ల బిడ్డను బదిలీ పత్రము లేదనిగాని, వయసు ధృవపత్రము లేదనిగాని, సంవత్సరము మధ్యలో వచ్చాడనిగాని చేర్చుకొనకపోవుటకు చట్టము ఒప్పదు. ఊరిలో మిగిలే కుటుంబములు ఒక్కొక్క బిడ్డకు రాత్రి అన్నము పెట్టగలిగితే, అది విచారణలో జరిగే గొప్ప సేవ.

4. వేసవి: పరీక్షలు, ఫలితములు

మార్చిలో ఒంటిపూట బడులు, పదవ తరగతి పరీక్షలు. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితములు. ఈ విషయం గట్టిగా చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితములు వచ్చిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసుకున్నట్లు పత్రికలు వ్రాశాయి. ఆ ఇండ్లలో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అయితే ఏ ఇంటిలోనైనా మనం ఏడాది పొడుగున చెప్పే మాటలు బిడ్డ లోపల ఒక లెక్కగా మారుతాయి. "పాసైతేనే నాకు ఈ ఇంటిలో చోటు" అని బిడ్డ అనుకుంటే, ఓదార్పు మాట ఫలితం తరువాత రావడం ఆలస్యమవుతుంది.

కనుక ఫలితములు రాకముందే బిడ్డ కండ్లలోకి చూచి చెప్పండి: "తప్పినా, పాసైనా నీవు మా బిడ్డవే. ఆ సాయంత్రం మనందరం కలిసే అన్నం తింటాము." తప్పినవారికి అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందని, పాసైతే సంవత్సరము నష్టము కాదని ముందే తెలియజేయండి. బిడ్డ తిండి మానినా, నిద్రపోకున్నా, చావు మాటలు మాట్లాడినా తేలికగా తీసుకొనవద్దు. ఒంటరిగా విడువవద్దు. సూటిగా అడగండి. అడిగినందువలన ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రింబగళ్ళు ఉచితముగా, తెలుగులో సలహా దొరుకుతుంది.

సెలవులలో రెండు ప్రమాదములున్నాయి: ఎండ, నీరు. మధ్యాహ్నము 12 నుండి 4 వరకు పిల్లలను నీడన ఉంచండి. వాంతులు, విరేచనములు అయితే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాకు గోపురం కాకుండా సమముగా కొలిచి, కలిపి కొద్దికొద్దిగా త్రాగించండి. నీరసము తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకొనిపోండి. కాలువలకు, చెరువులకు పిల్లలను ఒంటరిగా పంపకండి. ఈత వచ్చిన మేనమామో, బాబాయో దగ్గరుండి నేర్పితే అది బ్రతుకంతా పనికివచ్చే చదువు.

5. అన్ని కాలములకు ఒక్క క్రమము

"ఉదయం కూలికి పోయి రాత్రి ఏడుకు వస్తాను. ఇదంతా ఎప్పుడు చేసేది, ఫాదరుగారూ?" అని ఒక తల్లి అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. సమాధానము ఒక్కటే: రాత్రి అన్నము. అందరూ ఒకేసారి కూర్చోండి. టీవీ ఆపి, ఫోన్లు గూటిలో పెట్టండి. చిన్న బిడ్డ చేత ప్రార్థన చెప్పించండి. ప్రతివారు ఆ దినమున జరిగిన ఒక సంగతి చెప్పాలి, నాయనతో సహా. మార్కుల ప్రస్తావన ఆ సమయములో వద్దు. ఇరవై నిమిషములు చాలు. అయితే నాయన త్రాగి వచ్చే ఇంటిలో ఈ ఇరవై నిమిషములు భయముతో గడుస్తాయి. అటువంటి తండ్రులను నేను వేడుకొనేది ఇదే: ఈ పది ఏండ్లు మీ బిడ్డలవి. వారి సాయంత్రములను వారికి తిరిగి ఇవ్వండి.

కుటుంబములో మూడు మాటలు కరువు కాకూడదని పోపు ఫ్రాన్సిసుగారు 2016లో వెలువరించిన లేఖలో హెచ్చరించారు: అనుమతి అడుగుట, కృతజ్ఞత తెలుపుట, క్షమాపణ కోరుట. మన ఇండ్లలో సొంతవారికి కృతజ్ఞతలు చెప్పుట కృత్రిమముగా తోస్తుంది. పరవాలేదు, మన పద్ధతిలోనే చెప్పండి. "నీవు నీళ్ళు తెచ్చిపెట్టావు కాబట్టి నాకు పని తేలికయింది తల్లీ" అంటే ఆ బిడ్డకు అంతా అర్థమవుతుంది.

పిల్లలకు మొట్టమొదటి విద్యాబోధకులు తల్లిదండ్రులేనని రెండవ వాటికను మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించింది. చదువురాని తల్లికి కూడా ఇది వర్తిస్తుంది. బడి నేర్పేది ఆమె నేర్పలేకపోవచ్చును, ఆమె నేర్పేది మాత్రం బడి నేర్పలేదు.

ఇంటిలో కలిసి మాట్లాడుకొనుటకు

1. మన పెద్ద బిడ్డకు ఈ ఇంటిలో ఇంకా ఎన్ని వానకాలములు మిగిలియున్నవి?
2. ఈ వారములో ఎన్ని రాత్రులు అందరం కలిసి భోజనము చేశాము? అడ్డము వచ్చినది ఏమిటి?
3. మార్కులను గూర్చి మనం పలికిన ఏ మాట బిడ్డలను నొప్పించింది? దీనికి సమాధానము పిల్లలు చెప్పాలి, పెద్దలు మధ్యలో అడ్డుపడకుండా వినాలి.
4. మన వీధిలో తల్లిదండ్రులు వలస పోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా? మనమేమి చేయగలము?

ఈ వారము చేయవలసినది: ఒక్కొక్క బిడ్డకు ఇంటిలో ఒక చిన్న పని అప్పగించండి. అది ఎంత చిన్నదైనను ఆ బిడ్డదే కావాలి. వచ్చే ఆదివారము పూజ అయిన పిమ్మట ఆ పని ఎట్లు సాగుతున్నదో బిడ్డలనే అడుగుతాను.