చేవ నిలిపే చేతులు

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటి వెలుపలి కొయ్యభాగాలను ఎండ, వాన, చెదల బారి నుండి కాపాడుకొనే పద్ధతులను తెలియజేయడం, పాతదాన్ని పారవేసే ముందు పరిశీలించి చూసే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మూడవ నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాదుకు ఆ పేరు వచ్చింది. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఆంగ్లేయ సైన్యం విడిది చేసిన ఈ ప్రాంతంలో, సైనికుల నిత్యావసరాలు తీర్చడానికి బజార్లు వెలిశాయి. రెజిమెంటు అంటే పటాలం. రెజిమెంటల్ బజారు పేరులోనే ఆ చరిత్ర నిలిచి ఉంది. 1874లో రైలుమార్గం వచ్చిన తరువాత ఈ పరిసరాలలో జనసమ్మర్దం మరింత పెరిగింది.

ఇటువంటి పాత పేటలలోని ఇళ్ళకు వీధివైపు కొయ్య తలుపులు, కిటికీ రెక్కలు, చూరు కింద వాసాలు, మేడ వసారాకు కొయ్య కటకటాలు ఉండేవి. అవి శిథిలమైనప్పుడు "పాతబడిపోయింది, తీసివేయాలి" అని అందరూ అంటారు. అయితే కొయ్యను చెరిచేది వయస్సేనా? ఒకే చెట్టు నుండి కోసిన రెండు పలకలలో, ఇంటిలోపల ఉన్నది నూరేళ్ళు నిలవవచ్చు. వాననీరు నిలిచే చోట ఉన్నది కొద్ది సంవత్సరాలకే చివికిపోవచ్చు. వాటి భేదం వయస్సులో లేదు, తడిలో ఉంది.

చెట్టు మానును అడ్డంగా కోసి చూస్తే, నడుమ ముదురు రంగులో గట్టి భాగం కనిపిస్తుంది. దానినే చేవ అంటారు. మనిషిలోని సత్తువను, ధైర్యాన్ని కూడా తెలుగువారు చేవ అనే మాటతోనే చెప్పుకొంటారు. టేకు చేవలో ఉండే సహజ ద్రవ్యాలు చెదలను, శిలీంధ్రాలను కొంతవరకు ఎదిరిస్తాయి. చేవ చుట్టూ ఉండే లేతరంగు కర్రకు ఆ శక్తి లేదు. కనుక టేకు అయినంత మాత్రాన చెద పట్టదని నిశ్చింతగా ఉండడం పొరపాటు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు కొయ్య నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. వాన దానిని కడిగివేస్తుంది. అందువల్లనే ఆరుబయట ఉన్న కర్ర బూడిదరంగుకు తిరుగుతుంది. ఇది పైపొరకు కలిగే హాని మాత్రమే. అసలు ప్రమాదం తేమతో వస్తుంది. కర్రలో తేమ ఇంచుమించు ఇరవై శాతానికి మించి చాలాకాలం నిలిస్తే శిలీంధ్రాలు పెరిగి దానిని కుళ్ళబెడతాయి. చెదపురుగులు నేల నుండి మట్టి గొట్టాలు కట్టుకొని పైకి వస్తాయి. ఆ గొట్టాలను దులిపివేసినంత మాత్రాన చెద పోదు. నేలలోని దాని మూలాన్ని నివారించాలి.

పూర్వపు వడ్రంగులు ఈ సంగతి ఎరిగినవారే. అందుకే మండువా లోగిళ్ళలో కొయ్య స్తంభాలను నేలపై గాక రాతి దిమ్మెలపై నిలిపారు. గోడలు తడవకుండా చూరును ముందుకు సాచారు. రంగు వేయడం ఆ తరువాతి పని. నీరు నిలవకుండా చేయడం మొదటి పని.

కొయ్య సంరక్షణకు ఫిబ్రవరి, మార్చి నెలలు అనువైనవి. కర్ర బాగా ఆరి ఉంటుంది. తొలకరికి వ్యవధి ఉంటుంది. ముందుగా మేకు మొనతో అక్కడక్కడ గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగబడితే లోపల కుళ్ళు ఉన్నట్లే. ద్వారబంధాల అడుగుభాగాన్ని, గడపను, అతుకులను ప్రత్యేకంగా పరీక్షించాలి. కర్రను అడ్డంగా కోసిన చివర నుండే నీరు ఎక్కువగా లోపలికి పోతుంది కాబట్టి అక్కడ నూనెను గాని, రంగును గాని రెండు మూడుసార్లు పట్టించాలి.

కుళ్ళిన భాగాన్ని మంచి కర్ర తగిలేవరకు తొలిచివేసి, అదే జాతి కర్రతో అతుకు వేయించాలి. అంగుళం మేర చెడిన తలుపును మొత్తంగా మార్చవలసిన పని లేదు. తడి ఆరని కర్రపై, కుళ్ళు తీయని కర్రపై మెరుగు రంగు వేయడం మిక్కిలి హానికరం. పైకి అందంగా కనిపించినా, లోపలి తేమ బయటికి పోలేక కుళ్ళు మరింత ముదురుతుంది. వార్నిషు పొర సూర్యాతపానికి పగిలినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అవిసె నూనె కర్రలోకి ఇంకుతుంది గాని, దానిని తరచుగా పూయవలసి ఉంటుంది.

రెండు జాగ్రత్తలు మరువరాదు. పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. కనుక అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకరాదు. తడిపి, ముక్కుకు రక్షణ కట్టుకొని, పిల్లలను దూరంగా ఉంచి తీయాలి. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి పడవేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పు అంటుకోగలవు. వాటిని విప్పి పరచి ఆరవేయాలి.

వీధి మీదికి సాగిన వసారా వాసం విరిగితే నష్టం ఇంటివారిది మాత్రమే కాదు, కింద నడిచే బాటసారిది కూడా. సకాలంలో చేయించిన మరమ్మతు వడ్రంగికి జీవనోపాధి, బాటసారికి రక్షణ. గడపను కడిగి పసుపు రాసే ఇల్లాలి చేయి ప్రతివారం ఆ కర్రను తడిమి చూస్తుంది. ఎక్కడ మెత్తబడిందో మొదట తెలిసేది ఆ చేతికే. చేవ చెట్టు ఇచ్చినదే అయినా, దానిని నిలిపేది మాత్రం ఆ చేయే.

కఠిన పదాలకు అర్థాలు

జనసమ్మర్దం = జనుల రద్దీ
శిథిలం = పాడైనది
శిలీంధ్రం = బూజు, పుట్టగొడుగుల జాతి
ఆతపం = ఎండ
వ్యవధి = గడువు

సంధులు

సూర్యాతపం = సూర్య + ఆతపం (సవర్ణదీర్ఘ సంధి)
జీవనోపాధి = జీవన + ఉపాధి (గుణసంధి)

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ఇంటి వెలుపలి కొయ్యను కాపాడుకొనే పద్ధతులను వివరించండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. "వాటి భేదం వయస్సులో లేదు, తడిలో ఉంది" అనడంలోని అంతరార్థమేమి?
2. తడి ఆరని కర్రపై రంగు ఎందుకు వేయరాదు?
3. మీ ఇంట్లో గాని, వీధిలో గాని ఒక పాత తలుపును పరిశీలించి, దాని స్థితిని పది వాక్యాలలో రాయండి.