వత్తుకు చోటు, పనికి ధర

"అక్కా, ఫొటోషాప్ వచ్చు, కాన్వా వచ్చు. ఇంట్లో కూర్చుని డిజైన్ పనులు చేసుకోవచ్చా?" ఈ మధ్య ఇక్కడ నన్ను పలకరించే చెల్లాయిల్లో చాలామంది అడిగేది ఇదే. భర్త చదువు కోసమో, ఉద్యోగం కోసమో వాటర్లూ వచ్చి, చలికాలమంతా ఇంటిపట్టునే ఉండిపోయిన అమ్మాయిలు. చేసుకోవచ్చు తల్లీ, నిక్షేపంగా చేసుకోవచ్చు. నేను చేస్తున్నదీ అదే పని. కాకపోతే సాఫ్ట్‌వేర్ రావడం వేరు, డిజైన్ రావడం వేరు. ఆ తేడా ఎక్కడుందో ఇవాళ తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఉగాది ఫ్లయర్ చూడండి. మామిడాకుల తోరణం, కలశం, మెరిసే బంగారు అంచు అన్నీ ఉంటాయి. తీరా అక్షరాల దగ్గరికొచ్చేసరికి "లక్ష్మి" అన్న పేరు ముక్కలై ఉంటుంది. క పక్కన పొల్లు, ష పక్కన పొల్లు, చివర "మి" విడిగా. చేసినవాళ్ళకు తెలుగు రాక కాదు. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ లాంటివాటిలో అక్షరాలు పేర్చే పద్ధతి ఇంగ్లిషుకు సరిపోయేలా పెట్టి ఉండిపోతుంది. దాన్ని 'వరల్డ్ రెడీ' కంపోజర్‌కు మార్చాలి. ఆ ఒక్క నొక్కుతో వత్తులు తమ చోట్లోకి వెళ్ళి కూర్చుంటాయి. ఇది తెలియక లక్ష్మి పేరును బొమ్మగా అతికించేవాళ్ళను, ముక్కలుగానే అచ్చు వేయించేవాళ్ళను చూశాను. చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. మన పేరు మనం సరిగ్గా రాసుకోకపోతే ఎవరు రాస్తారు?

వత్తులు కుదిరాక వరుసల మధ్య ఎడం చూసుకోవాలి. ఇంగ్లిషు అక్షరం దాదాపు ఒకే పట్టీలో ఒదిగిపోతుంది. మనది అలా కాదు, పైకి గుడి లేస్తుంది, కిందికి వత్తు దిగుతుంది. పై వరుసలో "స్వాతంత్ర్యం", సరిగ్గా దాని కింద "కీర్తి" వచ్చాయనుకోండి. పైనున్న వత్తులు వచ్చి కింది గుడిదీర్ఘం మీద పడతాయి. ఇంగ్లిషుకు అక్షరం సైజుకు 1.2 రెట్ల ఎడం చాలామంది పెడతారు. తెలుగుకు నేను 1.6కు తగ్గను, పెద్దవాళ్ళు చదివేదైతే 1.8 పెడతాను. ఇంకోమాట, తెలుగును ఇటాలిక్ చేయకండి. మన ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ రూపమే గీయలేదు. ఆ బటన్ నొక్కితే కంప్యూటర్ నిలువు అక్షరాన్నే బలవంతాన పక్కకు వంచేస్తుంది. ఏదైనా మాటను ఎత్తి చూపాలంటే రంగు మార్చండి, సైజు మార్చండి.

ఫాంట్ల కరువు ఇప్పుడు లేదు. అను ఫాంట్లలో టైపు చేసింది కాపీ చేసి వెబ్‌సైటులో పెడితే అర్థం లేని గుర్తులు వచ్చే రోజులు మనలో చాలామందికి గుర్తే. అవి యూనికోడ్ కావు మరి. ఆ కష్టం తీర్చినవాళ్ళలో ఒకరు మన కెనడావారే. విన్నిపెగ్‌లో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన 2000, వేమన 2000 ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికాన్ ఆంధ్రా వాళ్ళ చొరవతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అంటూ రాయలవారి కవుల పేర్లతో ఫాంట్లు వచ్చాయి. వాటిలో కొన్నింటిని గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల గారు. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకున్నా డబ్బు కట్టక్కర్లేదు. నేను శీర్షికకు రామభద్ర, లోపలి విషయానికి మండలి ఎక్కువగా వాడతాను. రామభద్ర దూరం నుంచి కూడా కనబడుతుంది. మండలి అయితే పేరా మొత్తం చదివినా కన్ను అలసిపోదు.

ఇక వెబ్‌సైట్ల సంగతి. ఈ ఊరికీ మన పనికీ ఒక చుట్టరికం ఉంది, వినండి. 1980ల్లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువును కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో వాటర్లూ విశ్వవిద్యాలయం పాలుపంచుకుంది. అంత పెద్ద పుస్తకంలో ఏది పదం, ఏది అర్థం, ఏది ఉదాహరణ అని యంత్రానికి తెలియాలంటే ప్రతి ముక్కకూ గుర్తు పెట్టాలి. ఆ పని నుంచే 1991లో ఓపెన్‌టెక్స్ట్ అనే కంపెనీ పుట్టింది. ఆ నిఘంటువు ప్రాజెక్టును కొంతకాలం నడిపిన టిమ్ బ్రే, తర్వాత 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ ప్రమాణానికి సంపాదకుల్లో ఒకరయ్యారు. మనం లోగోలు దాచుకునే ఎస్‌వీజీ ఫైలు ఆ ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాసిందే. కావాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, బొమ్మకు బదులు మాటలు కనిపిస్తాయి.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, ఏది ఏమిటో ముందు గుర్తుపెట్టి, తర్వాతే సింగారించాలి. వెబ్ పేజీలో నాలుగు మాటలు పెద్దవి చేసి, లావు చేసినంత మాత్రాన అది శీర్షిక అయిపోదు. కంటికి అలా కనిపిస్తుందంతే. చూపులేనివాళ్ళకు పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది మామూలు వాక్యమే. శీర్షిక అని గుర్తుపెడితే వాళ్ళు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతూ కావలసిన చోటికి వెళ్ళిపోగలరు. పేజీ తెలుగులో ఉందని కూడా కోడ్‌లో చెప్పాలి, లేకపోతే ఆ గొంతు మన తెలుగును ఇంగ్లిషులా చదవబోతుంది. కార్యక్రమం వివరాలన్నీ ఒక బొమ్మలో ఇరికించి వెబ్‌సైటులో పెడుతుంటారు చూడండి, అది అసలు పనికిరాదు. తేదీ, వేళ, హాలు అడ్రసు పక్కనే అక్షరాల్లో కూడా ఉండాలి.

మన అంటారియోలో దీనికి చట్టమే ఉంది. వికలాంగులకు అన్నీ అందుబాటులో ఉండాలని 2005లో చేశారు. దాని కింద ప్రభుత్వ సంస్థలూ, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలూ 2021 జనవరి 1 నాటికి తమ వెబ్‌సైట్లను డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణానికి తేవాలన్నారు. చిన్న కిరాణా కొట్టుకు ఆ నిబంధన వర్తించదు. అయినా నేను ఎవరికి చేసినా ఆ కొలతతోనే చేస్తాను. అందులో రంగుల లెక్క చాలా ఉపయోగం. మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెలుపు మీద నిండు పసుపు అక్షరాలు రాస్తే అది 1.07 దగ్గరే ఆగిపోతుంది, అంటే కనబడనట్టే. అదే పసుపును ముదురు కుంకుమ రంగు మీద రాస్తే 10 దాటుతుంది. మన ఇంటి గడపకు తెలిసిన జంట రంగులే, ఏ పరీక్షకైనా నిలుస్తాయి. ఈ తేడా లెక్కగట్టే ఉచిత పరికరాలు నెట్‌లో బోలెడున్నాయి. మీ అభిరుచి మీద ఎంత నమ్మకమున్నా ఒకసారి కొలవండి.

ఇప్పుడు డబ్బు మాట. ఇక్కడే మన ఆడపిల్లలు వెనక్కి తగ్గుతారు. "మనవాళ్ళే కదా, లోగో ఒక్కటే కదా, పది నిమిషాల పని కదా" అని అవతలివాళ్ళు అనగానే మొహమాటం అడ్డొస్తుంది. పైన చెప్పిన వత్తులు, వరుసలు, గుర్తులు, రంగుల కొలతలు పది నిమిషాల్లో అయ్యేవి కావు. ఎడం సరిచేయడానికే ఒక పూట పట్టొచ్చు, అది మీ బిడ్డ నిద్రపోయే పూట కావచ్చు. దానికి ధర ఉంది, అడగండి. అంటారియోలో గ్రాఫిక్ డిజైనర్ల సంఘం ఆర్‌జీడీకి 1996లో శాసనసభ చట్టం ద్వారా గుర్తింపు వచ్చింది. ముందు డిజైన్ చేసి చూపించు, నచ్చితే డబ్బిస్తాం అనే పద్ధతిని ఆ సంఘం గట్టిగా వ్యతిరేకిస్తుంది. మనమూ అలాగే చెప్పాలి.

పని మొదలుపెట్టేముందు ఒక పేజీ కాగితం రాసుకోండి. ఏమేం చేసిస్తారు, ఎన్నిసార్లు కరెక్షన్లు, ఎప్పటికి, ఎంతకు. సగం అడ్వాన్సు. ఇంకొకటి, కెనడా చట్టం ప్రకారం ఫ్రీలాన్సర్ గీసినదాని మీద కాపీరైటు గీసినవాళ్ళదే, డబ్బిచ్చినవాళ్ళది కాదు. వాళ్ళకు బదిలీ చేయాలంటే మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఈ సంగతి తెలిసిన చెల్లెళ్ళు చాలా తక్కువ. మీది కానిదాన్నేదో అడుగుతున్నట్టు తల దించుకోకండి. వరుసగా నాలుగు త్రైమాసికాల్లో రాబడి 30,000 డాలర్లు దాటితే జీఎస్‌టీ/హెచ్‌ఎస్‌టీకి రిజిస్టర్ చేసుకుని, మన అంటారియోలో బిల్లు మీద 13 శాతం వేయాలి. అక్కడిదాకా ఎదగాలనే నా ఆశ, ప్రతి ఒక్కరూ.

"తెలుగు పనులతోనే గడుస్తుందా?" అని కూడా అడిగారు. ఈ ఊళ్ళో గడవదు. నా పనిలో ఎక్కువ భాగం ఇంగ్లిషు వెబ్‌సైట్లే, బేకరీలకూ, పళ్ళ డాక్టర్లకూ, ట్యూషన్ సెంటర్లకూ. అయితే తెలుగు అక్షరానికి చోటివ్వడం నేర్చుకున్న చెయ్యి ఇంగ్లిషు పేజీ మీద కూడా జాగ్రత్తగా కదులుతుంది. మీరు కూడా చూపించుకోవడానికి మొదట రెండు సొంత పనులు చేసి పెట్టుకోండి. ఒకటి తెలుగు పెళ్ళికార్డు, ఇంకొకటి ఊహించుకున్న ఏదో ఒక కొట్టుకు ఒక పేజీ వెబ్‌సైటు.

పని పూర్తయ్యాక లోగో ఎస్‌వీజీ, అచ్చుకు పీడీఎఫ్, వాడిన ఫాంట్ల పేర్లు, రంగుల నంబర్లు అన్నీ ఒక ఫోల్డరులో పెట్టి ఇవ్వండి. రేపు వాళ్ళు బోర్డు రాయించుకోవాలన్నా మళ్ళీ వెతుక్కోనక్కర్లేకుండా ఉండాలి. మిగతా సగం డబ్బు ఖాతాలో పడ్డాకే ఆ ఫోల్డరు పంపండి. అంతవరకూ చూసుకోవడానికి చిన్న సైజు నమూనా చాలు.